నర్సమ్మకు మనం ఏమివ్వాలి?





ఆదోనిలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక ఒక సోదరుడు మా దగ్గరికి వచ్చాడు. పత్తి జిన్నింగు మిల్లులో కూలిపని చేసుకునే మనిషి. "మౌలానా సాబ్! మా అమ్మీని సర్కారు దవాఖానాలో బతికించారు. నర్సమ్మకు, ఆయమ్మకు, స్ట్రెచర్ తోసిన అబ్బాయికి తలా ఐదు వందలు ఇద్దామనుకుంటున్నాను. వాళ్ళలో మన వాళ్ళెవరూ లేరు. ఇవ్వవచ్చా? దీనికి సవాబ్ ఉంటుందా?" అని అడిగాడు.

ఆ ఒక్క మాటలో మూడు ప్రశ్నలు ఉన్నాయి. స్వస్థత ఇచ్చేవాడు అల్లాహ్ అయినప్పుడు మనుషులకు కృతజ్ఞత ఎందుకు? వారు ముస్లింలు కానప్పుడు సంగతి ఏమిటి? ఆ కృతజ్ఞతను డబ్బు రూపంలో చెల్లించవచ్చా? నిలబడిన చోట రెండు మాటల్లో జవాబు చెప్పి పంపాము గానీ, ఈ ప్రశ్న ఆ సోదరుడి ఒక్కడిదే కాదు. ప్రభుత్వాసుపత్రి మెట్లు ఎక్కని ముస్లిం ఇల్లు మన ప్రాంతంలో ఎన్ని ఉన్నాయి గనుక!

మొదటి సంగతి చూద్దాము. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) తన ప్రభువును పరిచయం చేస్తూ, తాను జబ్బుపడినప్పుడు స్వస్థత చేకూర్చేవాడు ఆయనే అని చెప్పిన విషయం ఖుర్‌ఆన్ (26:80) మనకు వినిపిస్తున్నది. ఇది మన విశ్వాసం. ఇందులో సందేహానికి తావు లేదు. అయితే మనలో కొందరు ఇక్కడే ఆగిపోతారు. రోగి ఇంటికి రాగానే "అల్లాహ్ కాపాడాడు" అంటారు, షుక్రానా నమాజు చేస్తారు, బంధువులను పిలిచి భోజనం పెడతారు. రాత్రంతా నిలబడి చేసిన మనిషి పేరు కూడా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కు కృతజ్ఞత చూపినవాడు కాడని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించారు. ఈ హదీసు అబూ దావూద్‌లోనూ, తిర్మిజీలోనూ ఉంది. సూరా లుఖ్మాన్‌లో (31:14) అల్లాహ్ తన పట్ల కృతజ్ఞతనూ, తల్లిదండ్రుల పట్ల కృతజ్ఞతనూ ఒకే ఆజ్ఞలో కలిపి చెప్పాడు. జన్మనిచ్చేది అల్లాహ్ కాబట్టి తల్లికి షుక్ర్ అవసరం లేదని ఎవరైనా అంటారా?

మన ఆదోని, ఎమ్మిగనూరు రైతులకు దీన్ని పెద్దగా వివరించనక్కరలేదు. తుంగభద్ర దిగువ కాలువలో వచ్చే నీరు అల్లాహ్ కురిపించిన వానే. అయినా రాత్రివేళ టార్చిలైటు పట్టుకుని వచ్చి తూము తలుపు ఎత్తిన లస్కరును రైతు మరచిపోడు. అలా మరచిపోనంత మాత్రాన అతని తౌహీద్ తగ్గిపోదు. అల్లాహ్ తన మేలును ఒక కారణం (సబబ్) ద్వారా పంపుతాడు. ఆ కారణాన్ని గౌరవించడం పంపినవాడిని గౌరవించడంలో భాగమే.

ఈ విషయాన్ని మేము కితాబుల్లో చదివాము, మద్రసాలో పాఠంగా చెప్పించుకున్నాము. కానీ అది మా ఇంటికే వచ్చి నిలబడినప్పుడు దాని బరువు వేరుగా తెలిసింది.

మా చెల్లెలికి ఎమ్మిగనూరు ప్రభుత్వాసుపత్రిలో మూడో కాన్పు. మగ్రిబ్ తర్వాత సులభంగానే ప్రసవం జరిగింది. బిడ్డ ఏడుపు వినబడింది. మేము వుజూ చేసుకుని, బిడ్డ చెవిలో అజాన్ చెప్పడానికి తలుపు దగ్గర నిలబడ్డాము. తలుపు తెరుచుకుంది గానీ బిడ్డను బయటికి తీసుకురాలేదు. నర్సమ్మ గబగబా వచ్చి, "రక్తం ఆగడం లేదు, ఆదోనికి పంపుతున్నాము, ఒక ఆడమనిషి తోడు రండి" అని చెప్పి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ప్రసవం తర్వాత గర్భసంచి గట్టిపడి ముడుచుకోవాలి. అలా ముడుచుకోకపోతే రక్తం కారుతూనే ఉంటుంది. ఆ సమయంలో తల్లి ప్రాణం గంటల మీద కాదు, నిమిషాల మీద ఆధారపడి ఉంటుంది. సూది మందులు వేశారు, రెండు చేతులకూ సెలైన్ పెట్టారు. ఆ నర్సమ్మ పొట్ట మీద చేయి ఉంచి గట్టిగా రుద్దుతూ, అదుముతూనే ఉంది. ఆమె డ్యూటీ అప్పటికే ముగిసింది. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. 108 వాహనంలో ఆమె కూడా ఎక్కింది. ఎమ్మిగనూరు నుంచి ఆదోని వరకు దాదాపు ముప్పై కిలోమీటర్ల దారి పొడవునా ఆ చేయి తీయలేదని, తోడు వెళ్ళిన మా ఖాలా చెప్పింది. "నా చేతులు రెండు నిమిషాలకే నొప్పి పుట్టాయి బేటా, ఆ పిల్ల ఎలా పట్టుకుందో" అని ఖాలా ఇప్పటికీ అంటూ ఉంటుంది.

ఆదోనిలో రెండు సంచుల రక్తం ఎక్కించారు. సంచి మీద ఇచ్చినవారి పేరు ఉండదు. గ్రూపు, తేదీలు, ఒక నంబరు మాత్రమే ఉంటాయి. ఆ నంబరు వెనుక ఉన్న మనిషి ఎవరో, ఏ ఊరో, ఏ మతమో తెలుసుకునే దారి మాకు లేదు. ఆయమ్మ ఒకావిడ తడిసిన బట్టలు మార్చి, చెల్లెలి ఒళ్ళు తుడిచి, "భయపడకు తల్లీ, నాకూ ఇలాగే అయింది, చూడు, బతికే ఉన్నాను కదా" అని నవ్వించిందట. ఫజ్ర్ వేళకు డాక్టరమ్మ బయటికి వచ్చి గండం గడిచిందని చెప్పారు. బిడ్డ చెవిలో అజాన్ అప్పుడు చెప్పగలిగాము. అల్‌హమ్దులిల్లాహ్.

ఆ రాత్రి మా చెల్లెలి ప్రాణం ఎన్ని చేతులు మారిందో తర్వాత కూర్చుని లెక్కపెట్టుకున్నాము. నర్సులు, ఆయమ్మ, 108 డ్రైవరు, అందులోని టెక్నీషియను, రక్తం సరిపోతుందో లేదో పరీక్షించిన ల్యాబ్ మనిషి, గేటు దగ్గర దారి ఇప్పించిన వాచ్‌మన్, డాక్టరమ్మ, పేరు తెలియని ఆ దాతలు. డాక్టరమ్మకు అందరూ నమస్కారం చేస్తారు. మిగిలినవారిని చూసేదెవరు? ఇక 108 సంగతి. అది 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైంది. అంతకు ముందు పల్లెల నుంచి నిండు చూలాలిని ఎద్దులబండి మీదనో, లారీ ఆపి బతిమాలో పట్నానికి తెచ్చేవారని మన ఇళ్ళలోని దాదీ, నానీలను అడిగితే చెబుతారు. దారిలోనే ప్రాణం విడిచిన వారి పేర్లు కూడా చెబుతారు.

"వాళ్ళు జీతం తీసుకుంటున్నారు కదా మౌలానా, చేయడం వాళ్ళ బాధ్యత" అని ఒకరు మాతో అన్నారు. నిజమే. ఇమాముకు కూడా మసీదు కమిటీ జీతం ఇస్తుంది. అయినా తరావీహ్‌లో ఖుర్‌ఆన్ పూర్తయిన రాత్రి మీరంతా వచ్చి చేయి కలిపి, దుఆ చేసి వెళతారు. జీతం ఉందని మీరు మాకు సలాం మానలేదు! జీతం పనికి వెల. డ్యూటీ ముగిశాక బండెక్కిన ఆ నర్సమ్మ చేతికి ఏ జీతం పట్టికలో వెల రాసి ఉంది?

రోగుల సేవ ఇస్లాంలో ఎంత ఉన్నతమైనదో చూడండి. కందక యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజియల్లాహు అన్హు) గాయపడినప్పుడు, ఆయనను దగ్గరుండి పరామర్శించడానికి వీలుగా దైవప్రవక్త (స) మస్జిదె నబవీలోనే గుడారం వేయించారు. అక్కడ క్షతగాత్రులకు వైద్యం చేసిన మహిళ హజ్రత్ రుఫైదా (రజియల్లాహు అన్హా). మసీదు ఆవరణలో ఒక స్త్రీ చేతుల మీదుగా నడిచిన ఆసుపత్రి అది! తర్వాతి కాలంలో దమస్కులో 1154లో నూరుద్దీన్ జంగీ, కైరోలో 1284లో సుల్తాన్ ఖలావూన్ పెద్ద ఆసుపత్రులు (బీమారిస్తాన్‌లు) కట్టించారు. వాటి ఖర్చు వక్ఫ్ ఆస్తుల నుంచి వెళ్ళేది. పేదా ధనికా తేడా లేకుండా రోగికి వైద్యమూ, తిండీ ఉచితం. మన ప్రభుత్వాసుపత్రి వక్ఫ్ కాకపోవచ్చు. కానీ అది కూడా అందరి సొమ్ముతో అందరి కోసం నడిచేదే. మనం కొనే సబ్బుబిళ్ళ మీద కట్టే పన్ను కూడా అందులో కలిసి ఉంది.

ఇక రెండో ప్రశ్న. ముస్లిమేతరుల మేలు. దీనికి జవాబు సీరత్‌లోనే ఉంది. తాయిఫ్ ప్రజలు రాళ్ళతో కొట్టి పంపిన తర్వాత దైవప్రవక్త (స) మక్కాలోకి తిరిగి అడుగుపెట్టడానికి ఆశ్రయం ఇచ్చినవాడు ముత్‌ఇమ్ బిన్ అదీ. ఆయన తన కొడుకులను ఆయుధాలతో వెంట నిలబెట్టి రక్షణ కల్పించాడు. ఇస్లాం స్వీకరించకుండానే, బద్ర్ యుద్ధానికి ముందే చనిపోయాడు. బద్ర్‌లో ఖైదీలు పట్టుబడినప్పుడు దైవప్రవక్త (స) ఆయనను గుర్తు చేసుకున్నారు. ముత్‌ఇమ్ బతికి ఉండి వీరి గురించి అడిగి ఉంటే ఆయన కోసం వీరందరినీ విడిచిపెట్టేవాడినని చెప్పారు. ఈ ఉల్లేఖన బుఖారీలో ఉంది. చనిపోయిన ఒక ముస్లిమేతరుని మేలును, ఆయన తెగవారంతా శత్రువులై నిలిచిన రోజున కూడా ప్రవక్త (స) మరచిపోలేదు. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడినప్పుడు, సఖీఫ్ తెగకు చెందిన హారిస్ బిన్ కలదా అనే వైద్యుని దగ్గరికి వెళ్ళమని చెప్పారు. ఆ వైద్యుడు ఇస్లాం స్వీకరించాడా లేదా అన్న విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయం ఉంది. ఆ రోజు మాత్రం ప్రవక్త (స) చూసింది ఆయన వైద్య పరిజ్ఞానాన్నే.

మన జిల్లాలోనే ఇటువైపు నుంచి చూపదగిన ఉదాహరణ ఉంది. కర్నూలులో డాక్టర్ కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్ గారిని జనం రెండు రూపాయల డాక్టర్ అని పిలుచుకున్నారు. కర్నూలు వైద్య కళాశాలలోనే చదివి, అక్కడే పనిచేసి, తర్వాత సొంత ఆసుపత్రి నడిపినా ఆయన ఫీజును నిర్ణయించింది రోగులే. ఉన్నవారు ఉన్నంత ఇచ్చేవారు, లేనివారు ఊరకే వెళ్ళేవారు. పశ్చిమాన మన పల్లెల నుంచే కాదు, పక్క రాష్ట్రాల నుంచి కూడా పేదలు ఆయనను వెతుక్కుంటూ వెళ్ళేవారు. 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదటి నెలల్లో, ఆయన ఆ జబ్బుతోనే కన్నుమూశారు. అప్పుడు ఏడ్చినవారిలో హిందువులెందరో, ముస్లింలెందరో ఎవరూ లెక్క తీయలేదు. ఆ పేదలు ఒక ముస్లిం డాక్టరు ఋణాన్ని గుర్తుంచుకున్నట్టే, మన ఇంటి ఆడబిడ్డను నిలబెట్టిన హిందూ నర్సమ్మ, క్రైస్తవ సిస్టరు ఋణాన్ని మనం గుర్తుంచుకోవద్దా?

మూడో ప్రశ్న అసలైన చిక్కు. డబ్బు.

దైవప్రవక్త (స) ఇబ్నుల్ లుత్‌బియ్యా అనే వ్యక్తిని జకాత్ వసూలుకు పంపారు. ఆయన తిరిగి వచ్చి, ఇది మీకు చెందినది, ఇది నాకు కానుకగా ఇచ్చినది అని రెండు భాగాలు చూపించాడు. ప్రవక్త (స) మింబర్ మీద నిలబడి, ఆ మనిషి తన తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఈ కానుక వచ్చేదా అని నిలదీశారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. ఉద్యోగంలో ఉన్న మనిషికి ఆ ఉద్యోగం వల్ల వచ్చే కానుక గురించి ఉలమాలు ఇంత జాగ్రత్తగా ఉండడానికి మూలం ఇదే. పనికి ముందు ఇస్తే అది లంచం (రిష్వత్). పని అయ్యాక సంతోషంతో ఇచ్చినదీ నిర్దోషమైనదని అనుకోకండి. మీరు ఇచ్చిన ఐదు వందలు మీతో ఆగవు. పక్క మంచం మీద కోసిగి నుంచో, కౌతాళం నుంచో వచ్చిన చూలాలు ఉంటుంది. ఇంట్లోవారు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోయి ఉంటారు. ఆమె దగ్గర బస్సు ఛార్జీ మాత్రమే ఉంటుంది. మీ చేతి నుంచి నోటు అందుకున్న చేయి రేపు ఆమె ముందు కూడా చాచుతుంది. ఇవ్వలేకపోతే ముఖం ముడుస్తుంది.

ఒకానొక ఆసుపత్రిలో మగబిడ్డను చూపిస్తే ఇంత, ఆడబిడ్డను చూపిస్తే ఇంత అని రేటు పలుకుతున్నట్టు మా దగ్గరకు వచ్చినవారు చెప్పుకున్నారు. ఈ రేటును ఏ అధికారీ రాయలేదు. ఎవరో ఒక సంతోషించిన తండ్రి మొదటిసారి జేబులో చేయి పెట్టాడు, అక్కడి నుంచి మొదలైంది. ఆడబిడ్డకు తక్కువ రేటు ఉండడం ఇంకొక దుర్మార్గం. ఆడపిల్ల పుట్టిందన్న కబురు విని ముఖం నల్లబరచుకునే జాహిలియ్యత్ మనిషిని ఖుర్‌ఆన్ (16:58) ఎలా వర్ణించిందో చదువుకోండి. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, ఆపరేషను, మందులు, రక్తం, ఇంటికి చేర్చే వాహనం అన్నీ ఉచితమని 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం చెబుతున్నది. ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి, సూపరింటెండెంటుకు చెప్పండి, వినకపోతే కలెక్టరు గారి సోమవారం అర్జీలలో పెట్టండి. అడిగేవారిని అడ్డుకోవడం అడగకుండా పనిచేసేవారికి చేసే మేలు. వారి పేరు కూడా ఆ కొందరి వల్లే చెడుతున్నది.

వార్డులో అందరూ కలిసి తినేలా బహిరంగంగా పెట్టే మిఠాయిని, ఉగ్గానిని ఈ లెక్కలో వేయలేము. కాంట్రాక్టు మీద తక్కువ జీతానికి పారిశుద్ధ్యపు పని చేసే ఆయమ్మ ఇంట్లో పిల్లల ఫీజుకు ఇబ్బంది ఉందని తెలిస్తే, ఆసుపత్రి బయట, కాన్పుతో సంబంధం లేకుండా, నఫిల్ సదఖాగా సాయం చేయవచ్చు. సదఖాకు మతం అడ్డు కాదు. ఒక్కొక్క సందర్భానికి తేడా ఉంటుంది కాబట్టి మీ దగ్గరి ముఫ్తీ గారిని అడిగి చేయండి.

మరి ఏమివ్వాలి? మేలు చేసినవారికి బదులు మేలు చేయండి, చేయలేకపోతే బదులు తీరిందని మీకు అనిపించేదాకా వారి కోసం దుఆ చేయండి అన్నది ప్రవక్త (స) ఉపదేశ సారాంశం. "జజాకల్లాహు ఖైరన్" అన్న మాటనే ఆయన నిండు ప్రశంసగా లెక్కించారు. ఆ మాటను నర్సమ్మకు అర్థమయ్యే తెలుగులో, "అల్లాహ్ మీకు మంచి ప్రతిఫలం ఇవ్వాలి తల్లీ" అని ముఖం చూసి చెప్పండి. ముస్లిమేతరుల ఆరోగ్యం కోసం, సుఖం కోసం, సన్మార్గం కోసం దుఆ చేయడంలో ఏ అభ్యంతరమూ లేదు. ఇంకొక పని ఉంది, దాన్ని మనవాళ్ళు దాదాపు ఎవరూ చేయరు. తెల్లకాగితం మీద తేదీ, వార్డు, ఆ ఉద్యోగి పేరు రాసి, ఫలానా రాత్రి ఈమె మా ఇంటి మనిషిని కాపాడిందని సూపరింటెండెంటు గారికి ఇవ్వడం. ఆ బల్ల మీదికి ఫిర్యాదులే వస్తాయి. ఎమ్మిగనూరు నర్సమ్మ కోసం మేము అలాంటి కాగితం ఒకటి రాసి ఇచ్చాము. వారం తర్వాత ఆమె ఫోన్ చేసి, "ఇన్నేళ్ళలో నా మీద రాసిన కాగితం అంటే మెమో అనే అనుకున్నాను సార్" అంది.

రోగి వెంట పదిహేను మంది వెళ్ళి వార్డులో చాప పరచడం మానుకోవడం కూడా కృతజ్ఞతే. రోగి పరామర్శ (ఇయాదత్) సున్నత్. కానీ ఆ సున్నత్ పేరుతో పక్క రోగి నిద్ర చెడగొట్టే హక్కు మనకు లేదు.

అన్నిటికంటే కష్టమైన చోటు మరొకటి ఉంది. బతికినప్పుడు కృతజ్ఞత చెప్పడం తేలిక. చనిపోతే? అదే చేతులు అంతే కష్టపడినా ప్రాణం నిలవని రాత్రులు ఉంటాయి. అప్పుడు అద్దాలు పగలగొట్టడం, డాక్టరు కాలరు పట్టుకోవడం వార్తల్లో చూస్తున్నాము. వైద్య సిబ్బందిపై దాడి చేస్తే శిక్షించడానికి మన రాష్ట్రంలో 2008లోనే చట్టం చేశారు. చట్టం సంగతి అటుంచండి. సమాధి దగ్గర ఏడుస్తున్న స్త్రీకి దైవప్రవక్త (స) నేర్పినది, సహనం అనేది మొదటి దెబ్బ తగిలిన క్షణంలోనే ఉండాలని. ఆ క్షణం మనకు తరచుగా ఆసుపత్రి వరండాలోనే వస్తుంది. నిర్లక్ష్యం జరిగిందన్న అనుమానం ఉంటే రాతపూర్వకంగా అడిగే హక్కు ఉంది, అడగండి. చేయి ఎత్తే హక్కు లేదు. మనవాళ్ళలో ఎవరైనా చేయి ఎత్తితే, ఆ చేయి పట్టుకుని ఆపడం పక్కన ఉన్న మీ పని.

పేరు తెలియని ఆ రక్తదాతకు ఉత్తరం రాయలేము, ఫోన్ చేయలేము. ఆ ఋణం తీర్చడానికి ఉన్న దారి మరొక సంచి నింపడమే. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు మానవులందరినీ కాపాడినవాడితో సమానమన్న భావం ఖుర్‌ఆన్ (5:32) లో ఉంది. అవసరం ఉన్నప్పుడు రక్తం అమ్ముకోకుండా దానం చేయడాన్ని మన దేశపు ఉలమాలలో అధికులు సమ్మతించారు. పద్దెనిమిది నుంచి అరవై ఐదేళ్ళ లోపు ఉండి, నలభై ఐదు కిలోలకు తగ్గని బరువుతో, హిమోగ్లోబిన్ 12.5కు తగ్గకుండా ఉన్న ఆరోగ్యవంతుడు మూడు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. స్త్రీలకు నాలుగు నెలల వ్యవధి కావాలి. రక్తకణాలను ఎంత జాగ్రత్త చేసినా ఆరు వారాలకు మించి నిలవ ఉండవు, ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. కాబట్టి మీలాద్ నాడు ఒక్కరోజు వందమంది ఇచ్చి ఫోటో దిగడం కంటే, నెలనెలా పదిమంది ఇవ్వడం ఆసుపత్రికి ఎక్కువ పనికి వస్తుంది. మస్జిద్ కమిటీలు గ్రూపులవారీగా యువకుల పేర్లు, ఫోన్ నంబర్లు ఒక నోటుబుక్కులో రాసి ఉంచితే చాలు. దీనికి చందా వసూలు కూడా అక్కరలేదు.

మా వ్యాసం చదివే తల్లులు, ఆపాలు "మేమూ ఇవ్వవచ్చా?" అని అడుగుతారు. ఇవ్వవచ్చు. గర్భవతులు, పాలిచ్చే తల్లులు ఇవ్వకూడదు. మిగిలినవారిలోనూ చాలామందికి హిమోగ్లోబిన్ సరిపోదు. మన ఇళ్ళలో ఆడవారు అందరికీ వడ్డించి, చివర మిగిలినది తినే అలవాటు ఇందుకు ఒక కారణం. కాన్పులో రక్తం పోయినప్పుడు ముందుగా కూలిపోయేది ఇలాంటి తల్లే. ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చి ఇచ్చే ఐరన్ మాత్రలు మన ఇళ్ళలో అలమారాలో పడి ఉంటాయి. భర్తలారా! ఈ రాత్రి ఆ డబ్బా తీసి చూడండి, ఎన్ని మాత్రలు మిగిలి ఉన్నాయో.